ఈ ఇంటి చెయ్యి

మార్గశిర శుద్ధ తదియ

ఈ చలికాలపు తోట దినచర్య రాయడం ఇవాళ మొదలుపెడుతున్నాను. చలి, గాలి, మొక్కల సంగతి మాత్రమే రాయాలని శీతల సంఘం వాళ్ళ నియమం. సరే. చలి బాగా ఉంది. గాలి లేదు.

గాజుగది పైకప్పు మీద పేరుకున్న మంచును అట్లకాడతో గీకేశాను. సంఘం వాళ్ళిచ్చిన కర్ర కంటే అట్లకాడే నయం. పాదుల్లో బూడిద చల్లాను. బచ్చలి, పాలకూర, చుక్కకూర, వంగ, పందిరి మీద చిక్కుడు. అన్నీ ప్రాణంతోనే ఉన్నాయి.

బచ్చలి మాత్రం వెచ్చబడటానికి ఆలస్యం చేసింది. మామూలుగా నా వేలు తగిలితే చాలు, తీగ మొదట్లో సన్నగా వేడి పుడుతుంది. జ్వరం తగ్గుముఖం పట్టిన పిల్లల నుదురులా ఉంటుంది. ఆ వేడితోనే రాత్రంతా చలిని తట్టుకుంటుంది. ఇవాళ ఎంతసేపు పట్టుకున్నా చల్లగానే ఉంది. నా చేతులే బిగుసుకుపోయి ఉంటాయనుకుని, వంటింట్లోకి వెళ్ళి వేడినీళ్ళలో ముంచుకుని మళ్ళీ వచ్చాను. అప్పుడు కాస్త కదిలింది.

ఈ ఇంటి చెయ్యిని నేను. మా అత్తగారి తర్వాత నాకు వచ్చింది. ఎండను తగ్గించడానికి ఆకాశానికి బూడిద తెర కట్టాక, కొండ మీద చలి ముదిరిన తొలి ఏళ్ళలో జనం ఒకరి తోట ఒకరు దోచుకున్నారట. అందుకని విత్తనాల వాళ్ళు ఇంటికొక చేతికే లొంగే మొక్కలు చేశారు. పరాయివాడు పీక్కుపోయి నాటుకుంటే ఆ రాత్రికే గడ్డకట్టి చస్తాయి. బియ్యం, కందిపప్పు సంఘం ఇస్తుంది. పచ్చనిదేదైనా తినాలంటే ఇంటి చెయ్యి బాగుండాలి.

నేను బయటికి వచ్చేసరికి నీలవేణి వసారాలో నిలబడి తల దువ్వుకుంటోంది. మా మరిది సత్తిబాబు భార్య. వానాకాలంలో పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఇంత చలిలోనూ ఆ పిల్ల తలస్నానం చేస్తుంది. జుట్టు నడుం దాటి ఉంటుంది. నాది దువ్వెనకు ఊడి వస్తోంది.

ఇది మొక్కల సంగతి కాదు. అయినా రాశాను.

మార్గశిర శుద్ధ దశమి

చలి పెరిగింది. చుక్కకూరలో రెండు మొక్కలు నల్లబడ్డాయి.

మావయ్యగారి చిగుళ్ళ నుంచి మళ్ళీ నెత్తురు వస్తోంది. తుండుగుడ్డ మీద మరకలు దాచుకుంటున్నారు గానీ ఉతికేది నేనే కదా. పోయిన చలికాలంలో పక్క వీధిలో ఒక పెద్దాయనకు ఇలాగే మొదలై పళ్ళన్నీ రాలి, చివరికి మనిషే పోయాడు. డాక్టరు ఒకటే మాట చెప్పాడు, ఆకుకూర రోజూ పడాలని. అందుకని ఉన్న పాలకూర ఆయనకే వండుతున్నాను.

సత్తిబాబు ఘాట్ రోడ్డు మీద మంచు తవ్వే డ్యూటీకి వెళ్ళాడు. చలి తగ్గేదాకా రాడు. నీలవేణికి పని లేక నా వెనకే తిరుగుతోంది. "అక్కా, నీళ్ళు నేను తెస్తాను" అంటూ బకెట్టు పట్టుకుని గాజుగదిలోకి వచ్చేసింది. వంగినప్పుడు దాని మోచెయ్యి చిక్కుడు తీగకు తగిలింది.

తగిలీ తగలడంతోనే ఆ తీగ ఆనుకుని ఉన్న గాజు పలక మీది మంచు కరిగి ధారగా జారింది.

నేను పొద్దుటి నుంచి ఆ తీగను పట్టుకుని వేలాడుతున్నాను. నాకు రవ్వంత మంచు కూడా కరగలేదు.

"బకెట్టు అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను.

"ఏమైందక్కా?"

"ఇక్కడ ఇద్దరు తిరిగితే మొక్కలకు మంచిది కాదు. ఇంకెప్పుడూ లోపలికి రాకు."

ఇద్దరు తిరిగితే మంచిది కాదని ఎవరూ అనలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది. అది తల ఊపి వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు దగ్గర బచ్చలి ఆకును ప్రేమగా నిమిరింది. చెయ్యి విరిచేయాలనిపించింది.

మార్గశిర పౌర్ణమి

నాలుగు రోజులుగా తోట బాగుంది. నేను వెళ్ళేసరికే అన్నీ వెచ్చగా ఉంటున్నాయి. నల్లబడిన చుక్కకూర పక్క నుంచి కొత్త చిగురు కూడా వేసింది. భోజనాల దగ్గర మా ఆయనతో ఒకటికి రెండుసార్లు చెప్పాను. "చూశారా, కాస్త ఓపిక పడితే అవే దారికొస్తాయి." ఆయన పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "మంచిదే" అన్నారు.

ఇవాళ ఎందుకో తెలివొచ్చి, తెల్లవారకముందే లేచాను. పక్కన ఆయన లేరు. పెరటి తలుపు తీసి ఉంది. మంచు మీద అడుగులున్నాయి. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస.

గాజుగదిలో దీపం. మా ఆయన దీపం ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. నీలవేణి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొక్క మొదలూ పట్టుకుంటోంది. అది పట్టుకోగానే ఆకు విప్పారుతోంది. కళ్ళారా చూశాను. దీపం వెలుగులో దాని ముఖం చెమటతో మెరుస్తోంది. ఆ గదిలో వేడి నాకు తలుపు దగ్గరికే తెలిసింది. నా చేతి కింద ఆ గది ఎన్నడూ అంత వేడెక్కలేదు.

అది నన్ను చూసి లేచి నిలబడింది. "అక్కా, నేను కాదు... బావగారు..."

"నేనే రమ్మన్నాను మాణిక్యం" అన్నారాయన. "దాన్నేమీ అనకు."

దాన్నేమీ అనకు! ఇరవై ఏడేళ్ళ కాపురంలో నన్నేమీ అనొద్దని ఈయన ఎవరితోనైనా అన్నారా?

"ఎన్నాళ్ళ నుంచి?"

"కార్తీకం నుంచే నీ చేతికి సరిగా పలకడం లేదు. నువ్వు చూసుకోలేదు. నా చెయ్యి పెట్టి చూశాను. తమ్ముడి చెయ్యీ పెట్టించాను. లాభం లేకపోయింది. ఈ పిల్లకు పలికాయి. నాలుగు రోజులుగా పిలుస్తున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? నువ్వు అవే దారికొచ్చాయని సంబరపడుతుంటే!"

అంటే సత్తిబాబుకూ తెలుసు. అందరికీ తెలుసు. నేను భోజనాల దగ్గర గొప్పలు చెప్పుకుంటుంటే అందరూ పప్పు కలుపుకుంటూ విన్నారు.

ఇద్దరినీ బయటికి పంపి గాజుగదికి తాళం వేశాను. తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

మార్గశిర బహుళ చవితి

చలి తీవ్రం. పాలకూర సగం పోయింది, మిగిలింది ఇప్పుడు తుంచితే అదీ చస్తుంది. వంగ ఆకులు వేలాడుతున్నాయి.

ఇంట్లో మాటల్లేవు. మా ఆయన వసారాలో పడుకుంటున్నారు. నీలవేణి తన గది దాటడం లేదు. వంట నేనే చేస్తున్నాను, పప్పూ అన్నమూ. మావయ్యగారు నోట్లో ముద్ద అటూ ఇటూ తిప్పి మింగుతున్నారు. కూర ఏదమ్మా అని అడగలేదు. అడిగితే బాగుండేది. జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం విత్తనాల ఆఫీసు నుంచి కరుణమ్మ గారిని నేనే పిలిపించుకున్నాను. మా తోడికోడలు నా తోట మీద ఏదో చేసిందని చెప్పాను. ఆవిడ నా అరచేతికి దూది అద్ది, చిన్న పెట్టెలో పెట్టి చూసింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చుంది.

"మీకు నెలసరి ఆగిపోయి ఎన్నాళ్ళయింది మాణిక్యం గారూ?"

"ఉగాది నుంచి లేదు. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఒంటి వాసన మారుతుందండి. మనకు తెలియదు, వాటికి తెలుస్తుంది. పాత చెయ్యి వాసన తప్పితే, అదే ఇంటి కూర తినే మరో చేతిని వెతుక్కుంటాయి. ఆ పిల్ల మీ తోటను ఏమీ చేయలేదు."

"మరి ఈ విత్తనం చేసిన మహానుభావులకు ఆడవాళ్ళకు వయసొస్తుందని తెలియదా?"

"చేసినవాళ్ళు కుర్రాళ్ళండి" అంది కరుణమ్మ గారు. నవ్వబోయి మానుకుంది. ఆవిడ జుట్టు కూడా తెల్లగా ఉందని అప్పుడు చూశాను.

దారి ఒకటేనట. కొత్త చేతిని మందు చుక్కతో ఖాయం చేయించుకోవాలి, అప్పట్లో అత్తగారు వయసైపోయిందని నాకు వేయించినట్టే. అలా చేస్తే తోటంతా నిలుస్తుంది. ఒకసారి ఖాయం చేశాక మళ్ళీ వెనక్కి మారదు.

"తొందరేమీ లేదు, ఆలోచించుకోండి" అని వెళ్తూ, గాజులోంచి వంగ మొక్కల వైపు చూసింది. "అంటే, మరీ ఆలోచించకండి."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మార్గశిర బహుళ ఏకాదశి

సంఘం వాళ్ళు చదివితే చదవనీ. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇవాళంతా ఆ పిల్ల చేతులనే చూశాను. గిన్నెలు తోముతుంటే చూశాను, మావయ్యగారికి గోళ్ళు తీస్తుంటే చూశాను. నున్నటి చేతులు. మట్టి ఎప్పుడు పొడిగా ఉందో, ఎప్పుడు పొడిగా ఉన్నట్టు నటిస్తోందో వాటికి తెలియదు. ఏ ఆకు తుంచాలో, ఏది తుంచితే కొమ్మ అలుగుతుందో తెలియదు. పందిరికి పురికొస కట్టడం కూడా రాదు, పీటముడి వేసి తీగ గొంతు నొక్కేస్తుంది. ఏమీ తెలియకుండానే అన్నీ దానికి వంగుతున్నాయి. నేను నా వయసంతా ఆ గదిలో వంగి నడుం పోగొట్టుకున్నాను.

చావనీ అనుకున్నాను. నావి కానివి దానివి కూడా కాకూడదు. వచ్చే వానాకాలానికి కొత్త విత్తనం తెచ్చుకుందాం, అందరం మొదటి నుంచి మొదలుపెడదాం. అప్పటిదాకా పప్పన్నం తింటే ఎవరూ చావరు.

అప్పుడే మావయ్యగారు దగ్గారు. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ గుడ్డ నాకు కనబడకుండా వీపు వెనక్కి తిప్పుకున్నారు.

తాళంచెవి మాత్రం విప్పలేదు.

మార్గశిర అమావాస్య, మర్నాడు రాస్తున్నది

మధ్యాహ్నం సైరన్ మోగింది. ఉత్తరం నుంచి గడ్డచలి వస్తోంది, చీకటి పడేలోపు తోటలన్నీ వెచ్చబెట్టుకోండని.

నేను ఒక్కదాన్నే గాజుగదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాను. వేడినీళ్ళ గిన్నె పెట్టుకుని చేతులు ముంచి ముంచి పట్టుకున్నాను. బచ్చలి, పాలకూర, చిక్కుడు. మొదళ్ళు రుద్దాను, ఊపిరి ఊదాను. సిగ్గు విడిచి బతిమాలాను కూడా. "నేనే, మాణిక్యాన్ని. మిమ్మల్ని గింజల నుంచి పెంచాను" అన్నాను. ఒక్కటి కూడా పలకలేదు. గాజు మీద మంచు లోపలి వైపు కూడా కట్టడం మొదలైంది.

బయట కర్ర చప్పుడైంది. మావయ్యగారు. వసారా దాటని మనిషి మంచు మీద నడిచి వచ్చారు. తలుపు తీయక తప్పలేదు. గోనె సంచుల మీద కూర్చోబెట్టి నా శాలువ కప్పాను. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "మీ అత్త కూడా ఇక్కడే ఇలాగే కూర్చునేది" అన్నారు.

"ఎప్పుడు?"

"నువ్వు కాపురానికొచ్చిన ఏడు. నువ్వు చుక్కకూర కోయబోతే మడి మడంతా వెచ్చబడింది. గుర్తుందా?"

గుర్తుంది. నేను మురిసిపోయాను. ఆవిడ గంప నా చేతిలోంచి లాక్కుంది. కొత్త కోడలినని ఏడిపిస్తోందనుకున్నాను.

"చల్లబడిపోయానని నాకొక్కడికే చెప్పింది. నీమీద కుళ్ళుతో తిండి మానేసింది. నాలుగు మెతుకులు నోట్లో పెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చేది."

"మరి ఆవిడ ఏం చేశారు మావయ్యగారూ?"

"ఏం చేస్తుంది? రోజూ నిన్ను తిట్టింది. తిడుతూనే నేర్పింది."

ఇదంతా నాకు తెలియదు. ఆవిడ తిట్లు మాత్రం ఒక్కొక్కటీ తెలుసు. "మొద్దు చేతుల దానా, ఆకు కాదు, మొదలు పట్టుకో." "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు, అడుగు ఆకు తిప్పి చూడు." ఈ పనంతా నాకు ఆ తిట్లలోంచే వచ్చింది.

వెలుతురు తగ్గుతోంది. నేను తలుపు తీసి వసారా వైపు అరిచాను. "నీలవేణీ! చేతి గాజులు తీసేసి రా. చప్పున రా."

అది పరుగెత్తుకొచ్చింది, వెనకాల మా ఆయన.

"ఏది ముందు అక్కా?"

"బచ్చలి. ఆకు కాదు, మొదలు పట్టుకో! ఆకు పట్టుకుంటే ఆకే వెచ్చబడుతుంది, వేరు చస్తుంది. ఇన్నాళ్ళూ దొంగతనంగా వచ్చి చేసింది ఇదేనా?"

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చెయ్యి ఆగలేదు. బచ్చలి పలికింది. పాలకూర పలికింది. చిక్కుడు తీగ పట్టుకునేసరికి పందిరంతా ఆవిర్లు కక్కింది. మా ఆయన చేత గోనె పట్టాలు కప్పించాను, బూడిద పోయించాను. కానీ ఖాయం కాని చెయ్యి అది. వంగ దగ్గరికి వచ్చేసరికి నీరసించింది, ముందు వెచ్చబెట్టిన బచ్చలి మళ్ళీ చల్లబడుతోంది.

"వంగ వదిలెయ్" అన్నాను.

"పూత మీద ఉన్నాయక్కా! పాపం."

"అన్నీ కావాలంటే ఏదీ మిగలదు." నేనే వెళ్ళి వంగ మొక్కలు నాలుగింటినీ వేళ్ళతో సహా పీకేశాను. వాటికి నేనెవరో తెలియదు గానీ నాకు అవి తెలుసు. ఆ మొక్కల గింజ నేను పోయినేడు కాయ ఎండబెట్టి తీసింది. నీలవేణి ఏడుస్తూ చూసింది. నేను ఏడవలేదు, తీరిక లేదు. పీకిన చోట మట్టి ఎగదోసి పాలకూర వేళ్ళకు కప్పాను.

తెల్లవారింది. చుక్కకూర పూర్తిగా పోయింది. పాలకూర ఒక మడి మిగిలింది. బచ్చలి, చిక్కుడు నిలబడ్డాయి.

పుష్య శుద్ధ పంచమి

చలి కాస్త తగ్గింది. కరుణమ్మ గారు వచ్చి నీలవేణి రెండు అరచేతుల్లో మందు చుక్క వేసి, చిక్కుడు మొదట్లో అద్దించి, ఖాయం చేసింది. "ఈ ఇంటి చెయ్యి ఎవరు?" అని సంఘం కోసం పైకి అడగాలి. అందరూ నా వైపు చూశారు.

"నీలవేణి" అన్నాను. నా గొంతు బాగానే పలికింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

మధ్యాహ్నం బచ్చలి పప్పు చేశాను. మావయ్యగారు తిని, "అమ్మాయి చేతి చలవ" అన్నారు. వండింది నేను. నూరింది నేను, పోపు పెట్టింది నేను. మా ఆయన నా వంక చూసి, "ఉప్పు సరిగ్గా కుదిరింది మాణిక్యం" అన్నారు. ఆ మనిషికి ఓదార్చడం ఎప్పుడూ రాలేదు. అయినా ఇవాళ నుంచి లోపల పడుకోమన్నాను.

మావయ్యగారి తుండుగుడ్డ మీద ఇవాళ మరక చిన్నది.

పుష్య బహుళ విదియ

పొద్దున చిక్కుడు పందిరి పక్కగా వెళ్తుంటే చీమలు కనిపించాయి. తీగ వెంట బారులు తీరి పైకి పోతున్నాయి. చీమలు ఊరికే ఎక్కవు. పైన ఎక్కడో పేనుబంక పట్టింది. ఈ వేడికి నాలుగు రోజుల్లో పందిరంతా అల్లుకుని రసం పీల్చేస్తుంది.

నీలవేణి అక్కడే నిలబడి తీగను నిమురుతోంది. "ఎంత వెచ్చగా ఉందో అక్కా, చూడండి" అంది.

నాకు చెప్పబుద్ధి కాలేదు. నా దారిన నేను వెళ్ళిపోయాను. అంట్లు తోమాను, బియ్యం ఏరాను. ఏరిన బియ్యంలో రాళ్ళు కనబడలేదు, పందిరి మీది చీమలే కనబడ్డాయి. చివరికి చేట అక్కడ పెట్టేసి వెళ్ళాను.

"మొద్దు చేతుల దానా! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? అడుగు ఆకు తిప్పి చూడు!"

తిప్పి చూసింది. నల్లగా, జిగటగా, కొనంతా పట్టేసి ఉంది. దాని ముఖం పాలిపోయింది. "పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నానక్కా. నాకు కనబడనే లేదు."

చీమల బారు చూపించి, పట్టిన కొనలు తుంపించాను. కుంకుడు రసం తీయించి చల్లించాను, పైన సన్నటి బూడిద జల్లించాను. చెయ్యి వణికితే తిట్టాను, వణకకపోయినా తిట్టాను. అన్నీ చెప్పినట్టే చేసింది. పని అంతా అయ్యాక బకెట్టు బోర్లించి దాని మీద కూలబడి, ఉన్నట్టుండి అంది.

"ఒక మాట చెబితే కోపం తెచ్చుకోరు కదా?"

"తెచ్చుకుంటాను. చెప్పు."

"మీరంటే నాకు కుళ్ళక్కా. కాపురానికొచ్చిన రోజు నుంచీ." తల దించుకుని నేల మీద గీతలు గీస్తోంది. "నేను ముట్టుకుంటే వెచ్చబడతాయి. అందులో నాదేముంది? మా ఇంట్లో కుక్క కూడా నన్ను చూసి తోక ఊపేది. మీరు నడుచుకుంటూ పోతూ చీమను చూసి పైన పురుగుందని చెప్పేస్తారు. నేను ఈ జన్మకు అలా చూడగలనా? రాత్రి పడుకుంటే మీరు పీకేసిన వంగ మొక్కలే గుర్తొస్తాయి. నేనైతే పీకలేను, అన్నీ చంపేసుకుందును. ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది."

జాలి పడాలి. దగ్గరికి తీసుకుని, నీకూ వస్తుందిలే అమ్మా అనాలి. పెద్దదాన్ని కదా.

"రేపు పెందలాడే లే. ఎరువు గుంట తిరగెయ్యాలి" అన్నాను.

లోపలికొచ్చి పళ్ళెం పెట్టుకున్నాను. కార్తీకం నుంచి నాకు అన్నం సహించలేదు, ఏదో నాలుగు మెతుకులు కొరకడమే. ఇవాళ చిక్కుడుకాయ కూరతో పళ్ళెం ఖాళీ చేసి, మారు వడ్డించుకున్నాను. మా ఆయన వింతగా చూసి, "ఏమిటి సంగతి?" అన్నారు.

"ఏం లేదు. ఆకలేసింది" అన్నాను.